మిల్లీమీటరులో పదో వంతు

నికాన్ ఎఫ్ మౌంట్: 46.5 మిల్లీమీటర్లు. కెనాన్ ఈఎఫ్: 44. సోనీ ఈ: 18. లెన్సులు మార్చుకునే కెమెరా కొనేవాళ్లు మెగాపిక్సెళ్లు లెక్కపెడతారు గానీ, ఏ లెన్స్ ఏ బాడీ మీద పనిచేస్తుందో ముందుగా తేల్చేవి ఈ అంకెలే. లెన్స్ ఆనుకునే లోహపు రింగు నుంచి సెన్సర్ దాకా ఉండే ఈ దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు.

ఇందులో పదో వంతు మిల్లీమీటరు తేడా వస్తే? 50 మి.మీ. లెన్సును అనంతానికి ఫోకస్ చేసి పెట్టామనుకుందాం. దూరం 0.1 మి.మీ. ఎక్కువైతే చాలు, ఫోకస్ 25 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఆవలి కొండలు మసకే. ఫోకల్ లెంగ్త్ వర్గాన్ని ఆ తేడాతో భాగిస్తే వచ్చే లెక్క ఇది: 2,500 ÷ 0.1 = 25,000 మి.మీ. అదే 20 మి.మీ. వైడ్ లెన్స్ అయితే 400 ÷ 0.1, అంటే 4 మీటర్లే! నాజూకంతా టెలీ లెన్సులదే అనుకుంటాం. ఇక్కడ పేచీ పెట్టేవి వైడ్ లెన్సులు.

1930లో లైకా లెన్స్ మార్చే వీలు కల్పించినప్పుడు ఒక్కో లెన్సును ఒక్కో బాడీకి విడిగా సరిచూసి ఇవ్వాల్సి వచ్చేది. మరుసటి ఏడాది ఆ దూరాన్ని 28.8 మి.మీ.గా ఖాయం చేశాకే ఏ లెన్సయినా ఏ బాడీకైనా పట్టింది. నన్నడిగితే అసలు ఆవిష్కరణ 1931దే.

ఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం లేచి పడటానికి చోటు కావాలి. అందుకే అక్కడ అంకెలు 40 దాటాయి. ఆ అద్దానికి తగలకుండా వెనకాల ఖాళీ వదిలే రెట్రోఫోకస్ వైడ్ లెన్సును ఫ్రాన్స్‌కు చెందిన ఆంజెన్యూ 1950లో తెచ్చింది. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు కాబట్టి 2018లో కెనాన్ ఆర్‌ఎఫ్ 20కి, నికాన్ జెడ్ 16కి దిగాయి.

ఒక మౌంట్ లెన్సును మరో మౌంట్ బాడీకి కలిపే అడాప్టర్ మందం ఎంతో కూడా తీసివేతే చెబుతుంది. ఎఫ్ లెన్సును జెడ్ బాడీకి తగిలించాలంటే 46.5 − 16 = 30.5 మి.మీ. రింగు చాలు. ఈఎఫ్ లెన్సును ఎఫ్ బాడీకి పెట్టాలంటే? 44 − 46.5 = −2.5. మైనస్ మందం ఉన్న రింగును ఏ లేత్ మీదా చేయలేరు. లోపల అదనపు గాజు పెట్టాలి, దాంతో కొంత నాణ్యత పోతుంది.

దూరం కుదిరినంత మాత్రాన అన్నీ కుదరవు. నికాన్ పాత ఏఎఫ్-డి లెన్సులు ఎఫ్ లెన్సులను జెడ్ బాడీకి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఫొటో తీస్తాయి గానీ ఆటోఫోకస్ చేయవు. వాటిని తిప్పే మోటారు ఒకప్పుడు బాడీలో ఉండేది, అడాప్టర్‌లో లేదు.