ద్వితీయభాషాశ్రవణము - శ్రోత శ్రమ

అన్యభాషోపన్యాసమును గడియసేపు విన్న విద్యార్థి అలసిపోయినచో అది మందబుద్ధికి లక్షణమని కొందఱు తలఁతురు. మే మట్లు తలఁపము.

పరభాషాధ్వనులు మాతృభాష యను జల్లెడగుండ మనకు వినఁబడునని ట్రుబెట్స్‌కాయ్ గ్రంథము (1939) తెలిపినది. మన త, ట లు ఆంగ్లేయుల చెవికి ఇంచుమించు ఒక్కటిగానే తోఁచును. 1984లో వెర్కర్, టీస్ అనువారు హిందీలోని ఈ ధ్వనులను ఆంగ్లభాషాకుటుంబముల శిశువులకు వినిపించి చూచిరి. ఆఱెనిమిది నెలలవారు భేదమును గుర్తించిరి. పది పండ్రెండు నెలలవారిలో గుర్తించినవారు బహుస్వల్పము. బిడ్డకు మాటలు చక్కఁగా రాకమున్నే జల్లెడ బిగిసినదన్న మాట!

అస్పష్టముగా వినవచ్చిన ధ్వనినుండి పదమును పోల్చుకొనుటకు మెదడు అధికముగా శ్రమింపవలెను. వాక్యమున పొసఁగని పదము తగిలినపుడు సుమారు 400 మిల్లీసెకండ్లకు మెదడున నొక విద్యుత్తరంగము హెచ్చునని 1980లో కూటాస్, హిల్‌యార్డ్ పఠితలయందు కనుగొనిరి. ద్వితీయభాషలో ఈ తరంగము తఱచు ఆలసించును.

దేహమున కంటిపాపయే ఇందుకు సాక్షి. జ్ఞప్తియం దుంచుకొనవలసిన అంకెలు పెరిగినకొలఁది పాప విప్పారునని కానెమన్, బీటీ 1966లో చూపిరి. రొద నడుమ ద్వితీయభాషను వినువారి పాప, ఆ భాషయే మాతృభాషగాఁ గలవారి పాపకంటె ఎక్కువగా విప్పారును; ఇరువురకును మాటలు సమానముగా అర్థమైనపుడును ఇట్లే. అడిగినచో ఇరువురును సరియైన సమాధానమే చెప్పుదురు. పరీక్షాపత్రమున ఈ భేదము కానరాదు.