మనోవర్తి విశేషాలు: మీకు తెలుసా?

నల్లపాడు జంక్షన్‌లో నంద్యాల బండిదో దారి, పగిడిపల్లి బండిదో దారి. ఇంటి యజమాని కన్నుమూశాక ఆస్తి లెక్క కూడా అంతే, ఎటు పోతుందో ఊహించలేరు! కాసుకోండి మరి!

మీకు తెలుసా? భర్త వీలునామాలో ఆస్తంతా తమ్ముడికి రాసి, భార్యకు చిల్లిగవ్వ పెట్టకపోయినా ఆమె తిండీబట్టా ఆ ఆస్తిలోంచే రావాలి! 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం 22వ సెక్షన్ మాట ఇది. చేను పుచ్చుకున్నవాడే వదినకు మనోవర్తి ఇవ్వాలి. ఊరికే వచ్చిందనుకున్న ఆస్తిలో కారం కూడా ఉందన్నమాట!

మీకు తెలుసా? వీలునామా ఏం చెప్పినా భార్యాపిల్లలకు పోషణ ఇప్పించే చట్టం న్యూజిలాండ్‌కు 1900లోనే వచ్చింది. ఇంగ్లండుకు? 1938లో! దొరలకే 38 ఏళ్ళ ఆలస్యం!

మీకు తెలుసా? వారసత్వ తగవుల ధర్మశాస్త్రం తెలుగులోకి పద్యాల్లో వచ్చింది! 13వ శతాబ్దంలో కేతన రాసిన విజ్ఞానేశ్వరీయమే అది. లాయరు నోటీసు కందపద్యంలో వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

మీకు తెలుసా? 1937 చట్టం హిందూ వితంతువుకు కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. 1941లో ఫెడరల్ కోర్టు, అది వ్యవసాయ భూమికి వర్తించదంది! మద్రాసు రాష్ట్రంలో పొలానికీ వర్తింపజేసింది 1947లో. అందాకా గుంటూరు సీమలో ఇంట్లో వాటా ఉంది, పత్తి చేలో లేదు. ఇల్లు ఉడకేసుకు తినాలా?

మీకు తెలుసా? ఈ కథలో అసలు రికార్డు నెల్లూరు కోర్టుకెక్కిన తులసమ్మ గారిది! భర్త పోయింది 1931లో. కోర్టు ఫీజు కూడా కట్టలేని స్థితిలో మనోవర్తి దావా వేసింది 1944లో. 1949 రాజీలో భూమి ఇచ్చారు, అనుభవించాలే గానీ అమ్మకూడదన్నారు. 1961లో ఆవిడ అందులో కొంత అమ్మేశారు! భర్త సవతి సోదరుడు దావా వేశారు. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆ భూమి మీద సర్వహక్కులూ ఆవిడవేనంది. మొదటి దావా నాటికి బ్రిటిష్ పాలన, చివరి తీర్పు నాటికి ఎమర్జెన్సీ. 33 ఏళ్ళు!

మీకు తెలుసా? అది అక్కడితో ఆగలేదు! ఇలాంటి కేసుల్లో తీర్పులు ఒకదానికొకటి పొసగడం లేదంటూ 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చిక్కును పెద్ద బెంచికి పంపింది. తులసమ్మ గారి పేరు ఇంకా కోర్టు హాళ్ళలో మోగుతూనే ఉంది!

మీకు తెలుసా? పోయినాయన అప్పులే ముందు, మనోవర్తి తర్వాత! 1956 మనోవర్తి చట్టం 26వ సెక్షన్ లెక్క ఇది. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు బాకీ, పురుగుమందుల కొట్టు బాకీ తీరాకే పోషణ. తప్పించుకునే దారి? మనోవర్తిని ముందే ఆస్తి మీద ఛార్జీగా రాయించుకోవడం. ఒక్క కాగితం, వరస తారుమారు!

మీకు తెలుసా? అప్పు డిక్రీతో అమీను జప్తుకొచ్చినా మంగళసూత్రం ముట్టుకోకూడదు! వంటగిన్నెలూ, పరుపులూ, రైతు ఎద్దులూ, విత్తనాలూ కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రక్షణలోనే. అన్నం కుండకు చట్టం కాపలా!

మీకు తెలుసా? 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరిట తీసుకున్న బీమా పాలసీ భర్త ఆస్తిలో కలవదు. బాకీలు ఎగ్గొట్టాలనే కట్టింది కాకపోతే అప్పులవాళ్ళకు అందదు. 150 ఏళ్ళు దాటినా ఎంత గట్టి తాళమో!

మీకు తెలుసా? తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డ కూడా, ప్రాణంతో పుడితే, వారసుడే! ఊపిరి కంటే ముందే వాటా!

మీకు తెలుసా? తండ్రి ఆస్తిలోంచి మనోవర్తి కొడుక్కి 18 ఏళ్ళు నిండేదాకానే, కూతురికి పెళ్ళయ్యేదాకా! ఈ ఒక్క చోట అబ్బాయిలు కుళ్ళుకోవచ్చు.

మీకు తెలుసా? మైనరు పేరిట ఉన్న పొలాన్ని కోర్టు అనుమతి లేకుండా తల్లి అమ్మినా, మేజరయ్యాక మూడేళ్ళలోపు పిల్లవాడు ఆ అమ్మకాన్ని కొట్టేయించవచ్చు. కొన్నవాళ్ళు ఆ కుర్రాడి పుట్టినరోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి!

మీకు తెలుసా? పొలం మీద మనోవర్తి హక్కుందని తెలిసీ కొంటే, ఆ హక్కు కొన్నవాడి వెంట పడుతుంది! నల్లపాడు చుట్టుపక్కల చెక్క కొంటున్నారా? ఈసీ తీయించండి, ఆ ఇంటి గడప తొక్కి ఎవరెవరున్నారో అడగండి.

మీకు తెలుసా? వీలునామా లేకుండా పోయినాయనకు పిల్లలుంటే క్రైస్తవ వితంతువుకు మూడో వంతు, ముస్లిం వితంతువుకు ఎనిమిదో వంతు. మహర్ బాకీ ఉంటే అది వేరే అప్పు, వాటాలకంటే ముందే తీర్చాలి. హిందువుల్లో చట్టబద్ధమైన భార్యలు ఇద్దరు మిగిలితే ఇద్దరికీ కలిపి ఒకే వాటా. సవతులిద్దరూ సర్దుకోవాల్సిందే!

మీకు తెలుసా? 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. అప్పటి 1856 చట్టం ప్రకారం మళ్ళీ పెళ్ళాడితే మొదటి భర్త ఆస్తి వదులుకోవాల్సిందే. ఇప్పుడో? మనోవర్తి ఆగిపోతుంది గానీ, భర్త ఆస్తిలో వారసత్వంగా వచ్చిన వాటా ఎక్కడికీ పోదు. శుభలేఖలు అందరికీ పంచండి, పట్టాదారు పాసుపుస్తకం మాత్రం బీరువాలోనే ఉంచండి!