విమానం కూలితే దర్యాప్తు ఎవరిది? సింగపూర్ మార్చుకున్న చట్టం ఏం చెబుతోంది

మూసీ అనగానే మనకు హైదరాబాద్ గుర్తొస్తుంది. ఇండోనేసియాలోని సుమత్రా దీవిలోనూ అదే పేరుతో ఒక నది ఉంది. 1997 డిసెంబర్ 19న జకార్తా నుంచి సింగపూర్ వెళ్తున్న సిల్క్‌ఎయిర్ విమానం ఆ నదిలో కూలింది. అందులో ఉన్న 104 మందీ చనిపోయారు.

కారణం ఏంటి? ఇండోనేసియా దర్యాప్తు సంస్థ తేల్చలేకపోయామంది. కాక్‌పిట్‌లో ఎవరో కావాలనే విమానాన్ని కిందికి దించి ఉంటారని అమెరికా సంస్థ అభిప్రాయపడింది. 2004లో అమెరికాలో ఒక జ్యూరీ మాత్రం, విమానం తోకలోని పరికరంలో లోపం ఉందంటూ మూడు కుటుంబాలకు పరిహారం ఇవ్వమంది. ఒకే ప్రమాదానికి మూడు జవాబులు!

దర్యాప్తు వేరు, కోర్టు వేరు

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లో 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు లక్ష్యం ఒక్కటే: అలాంటి ప్రమాదం మళ్లీ జరగకూడదు. తప్పు ఎవరిదో తేల్చడం దాని పని కాదు. అందుకే సిబ్బంది వాంగ్మూలాలకు, కాక్‌పిట్ రికార్డులకు ప్రత్యేక రక్షణ ఉంటుంది. చెప్పిన మాటే రేపు మెడకు చుట్టుకుంటుందంటే నిజం ఎవరు చెబుతారు?

సింగపూర్ ఏం చేసింది?

లెక్కలు రాసినవాడే ఆడిట్ చేయకూడదని కామర్స్‌లో నేర్పిస్తారు. ఇక్కడా అంతే. సింగపూర్ చిన్న దేశం. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో సగానికి పైగా వాటా ప్రభుత్వ పెట్టుబడి సంస్థదే. అందుకే 2002లో విమాన ప్రమాదాల దర్యాప్తుకు విడిగా ఒక బ్యూరో పెట్టారు. 2016లో ఓడల ప్రమాదాలను కూడా కలిపి రవాణా భద్రతా దర్యాప్తు బ్యూరోగా మార్చారు. 2018లో దానికంటూ ఒక చట్టం చేశారు. ఇప్పుడు రైలు ప్రమాదాలూ దాని కిందికే వస్తాయి. అయితే బ్యూరో ఇంకా రవాణా శాఖలో భాగమే. కాబట్టి జనం నమ్మాలంటే రిపోర్టులు దాచకుండా బయటపెట్టాలి.

2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వస్తున్న ఎస్‌క్యూ 321 మయన్మార్ మీదుగా వెళ్తూ తీవ్రమైన కుదుపులకు లోనైంది. ఒక ప్రయాణికుడు చనిపోయారు. ఎనిమిది రోజుల్లోనే బ్యూరో ప్రాథమిక వివరాలు ఇచ్చింది: 4.6 సెకన్లలో విమానం 178 అడుగులు కిందికి పడింది, బెల్ట్ పెట్టుకోనివాళ్లు గాల్లోకి లేచి ఉంటారు.

మనకేంటి సంబంధం?

మన దేశంలోనూ 2012 నుంచి విడి బ్యూరో ఉంది. కానీ అదీ, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా ఒకే మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి. 2025 జూన్ 12 అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత ప్రాథమిక రిపోర్టు రాగానే చాలామంది పైలట్లను దోషులన్నారు. ప్రాథమిక రిపోర్టు అంటే తీర్పు కాదు.

ఉద్యోగానికో ఉమ్రాకో ఇంట్లోవాళ్లు విమానం ఎక్కే ప్రతి కుటుంబం ఒక విషయం గుర్తుంచుకోవాలి. పరిహారం కోసం ఫైనల్ రిపోర్టు దాకా ఆగక్కర్లేదు. మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణంలో ప్రయాణికుడు చనిపోతే, నష్టం చూపిస్తే చాలు. 1,51,880 ఎస్‌డీఆర్ వరకు ఎయిర్‌లైన్ తప్పు నిరూపించే పనిలేదు. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్క ప్రమాణం, దాన్ని రూపాయల్లోకి మారుస్తారు. కేసు వేయడానికి గడువు మాత్రం రెండేళ్లే. రిపోర్టు ఆలస్యమైనా ఆ గడువు ఆగదు.