తుపాకి ఇంటిది కాదు, మనిషిది

పార్వేట పల్లకీ మా పక్కూరికి వచ్చిన రోజు అది. సంక్రాంతి మరునాడు అహోబిలంలో బయల్దేరిన నరసింహస్వామి దాదాపు నలభై రోజులు, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. పేరుకు వేట. చెంచులక్ష్మితో తన పెళ్లికి జనాన్ని తానే వచ్చి పిలుచుకుంటాడని పెద్దలు చెప్తారు. ఆ సందట్లో, ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి నడిపే మిత్రుడు నన్ను వేపచెట్టు కిందికి పిలిచాడు. చాలా ఏళ్లు కోర్టు వార్తలు రాసినవాణ్ని కాబట్టి ఇలాంటివి నా దగ్గరికే వస్తాయి.

"అన్నా, ఒక పిస్తోలు తీసుకుందామనుకుంటాండా. రాత్రిపూట లెక్క తీసుకొని ఇంటికి పోవాల గదా. చొక్కా కింద కనపడకుండా ఉండాల. మా ఇంటామె కూడా వాడేదానికి వీలుగా చిన్నది ఏదన్నా ఉంటే చెప్పు."

"ఆమెను అడిగినావా?"

"అడగలేదన్నా. తెచ్చినాక చెప్తా."

చెంచులక్ష్మి కథ పుట్టిన నేల మీద అడిగిన మాట ఇది. ఆమె విల్లు పట్టిన పిల్ల. ఆమెకు బాణం వేయడం నేర్పే పని స్వామికి పడలేదు. మా మిత్రుడి సంగతి వేరు. అతనికీ తుపాకి తెలియదు, ఆమెకూ తెలియదు. తెలిసినదల్లా సినిమా. అతను అడిగినవి, నేను చెప్పినవి, ఇంటికొచ్చి చట్టం పుస్తకం తిరగేసి సరిచూసుకున్నవి కలిపి రాస్తున్నాను.

అపోహ: సీమలో ఇంటికో తుపాకి ఉంటుంది. మనకు లైసెన్సు ఇవ్వడం పెద్ద పనేం కాదు.

1999లో 'సమరసింహారెడ్డి' వచ్చినప్పటి నుంచి బయటివాళ్లకు మన మీద ఇదే అభిప్రాయం. విచిత్రమేమంటే మనకూ అదే పట్టుకుంది. ఇక్కడి కక్షల్లో ఎక్కువగా పేలింది నాటుబాంబు, లేచింది వేటకొడవలి. లైసెన్సు తుపాకులు ఎక్కువున్న చోటు చూడాలంటే ఉత్తరానికి పోవాలి. 2016 డిసెంబరు 31 నాటికి దేశంలో ఉన్న 33.69 లక్షల లైసెన్సుల్లో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌వే అని కేంద్ర హోం శాఖ లెక్క.

లైసెన్సు హక్కు కాదు. కలెక్టరుకు అర్జీ పెట్టాలి. పోలీసులు విచారించి నివేదిక ఇవ్వాలి. 21 ఏళ్లు నిండి ఉండాలి. వృత్తి వల్లనో వ్యాపారం వల్లనో ప్రాణానికి, ఆస్తికి నిజంగా రక్షణ అవసరమని చూపించాలి. 2016 ఆయుధ నియమాలు వచ్చాక తుపాకి వాడకంలో, భద్రతలో శిక్షణ పొందినట్టు పత్రం కూడా కావాలి. లైసెన్సు ఇప్పుడు ఐదేళ్లకు ఇస్తారు. 2019 సవరణకు ముందు మూడేళ్లు. ఆ సవరణతోనే ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది.

అడవి పందుల బాధ పడే రైతు అడిగితే కథ వేరు. పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకి, స్వీయరక్షణకు కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న నున్నటి గొట్టపు తుపాకి, ఈ రెండింటి విషయంలో 1959 ఆయుధ చట్టం కొంత మెత్తగా మాట్లాడుతుంది. చొక్కా కింద పట్టే ఆయుధం దగ్గరికి వచ్చేసరికి అదే చట్టం గొంతు మారుస్తుంది.

అహోబిలం చుట్టుపక్కల వాళ్లకు ఇంకో మెలిక ఉంది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్తగా ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందుగా ఒప్పుకోవాలి. 1972 వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ఇది. లైసెన్సు ఉన్నా సరే, రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగు పెట్టకూడదని 31వ సెక్షన్. నల్లమలలో ఏ బాట ఏ హద్దులో ఉందో అటవీ శాఖ వాళ్లను అడగకుండా, నడుముకు రివాల్వర్ కట్టుకొని కొండెక్కేవాడు స్వామి దర్శనం కంటే ముందు రేంజరు దర్శనం చేసుకుంటాడు.

అపోహ: దాచిపెట్టుకొని తిరగడం నేరం. లైసెన్సు ఉన్నోడు బాహాటంగా పెట్టుకోవాలి.

ఇది పూర్తిగా తలకిందులు. పెళ్లి ఊరేగింపుల్లో తోలు పట్టీకి వేలాడే రివాల్వర్లు చూసి చూసి ఇలా అనిపిస్తుంది. 2016 నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకి దాని కోసమే చేసిన ఒరలోనో, సంచిలోనో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మోసేవాడి అదుపులో ఉండాలి. బయటికి తీసి ఊపడం నిషేధం. అంటే చొక్కా కింద అన్న మా మిత్రుడి కోరిక చట్టానికి అనుకూలమే. జనానికి చూపించుకోవాలన్న కోరికే విరుద్ధం.

గాలిలోకి కాల్చడం కూడా ఇందులోదే. 2019 సవరణ తర్వాత, ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా సంబరానికి కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట దిగాల్సిందే గదా.

అపోహ: మొగుడికి లైసెన్సు ఉంటే పెళ్లాం వాడుకోవచ్చు.

మిత్రుడి ప్రశ్నకు అసలు ముడి ఇక్కడ ఉంది. రేషన్ కార్డు ఇంటిది. తుపాకి లైసెన్సు మనిషిది. ఆయుధ చట్టం 3వ సెక్షన్ ఒక చిన్న వెసులుబాటు ఇచ్చింది: లైసెన్సుదారు ఎదుట, లేదా అతను రాసిచ్చిన కాగితంతో, వేరేవాళ్లు ఆ తుపాకిని మోయవచ్చు. అదీ మూడు పనులకే: మరమ్మతుకు, లైసెన్సు పునరుద్ధరణకు, లైసెన్సుదారు వాడకానికి. ఇల్లాలు తన రక్షణకు తన చేతిసంచిలో పెట్టుకొని పోవడం ఈ మూడింటిలో లేదు. లైసెన్సు లేని తుపాకి దగ్గరుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ఆమె వాడాలంటే ఆమె పేరున లైసెన్సు, ఆమెకు శిక్షణ, ఆమె కారణం, ఆమె అర్జీ కావాలి.

తండ్రి తుపాకి కొడుక్కి దానంతటదే రాదు. లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, వారసుడు తన పేరున అర్జీ పెట్టుకోవాలి. 70 ఏళ్లు దాటినవాళ్లు, లేదా 25 ఏళ్లుగా ఆ తుపాకి ఉన్నవాళ్లు బతికుండగానే వారసుడికి మార్చమని అడగవచ్చు. ఆ వారసుల్లో భార్య కూడా ఉంది. మా వైపు ఆ అర్జీ కొడుకు పేరు మీదే పడుతుంది, అది వేరే సంగతి.

అపోహ: ఆడవాళ్లకు చిన్నది, తేలికైనది మంచిది.

అంగడివాళ్ల నుంచి బావమరుదుల దాకా అందరూ చెప్పే సలహా. భౌతికశాస్త్రం మాత్రం ఒప్పుకోదు. ఒకే తూటాను 700 గ్రాముల రివాల్వర్ నుంచి, 500 గ్రాముల రివాల్వర్ నుంచి కాల్చి చూడండి. తేలికైనది చేతిని వెనక్కి తన్నే శక్తి సుమారు 1.4 రెట్లు. చిన్న పిడి మీద మూడు వేళ్లే పడతాయి, చిటికెన వేలు గాలిలో ఉంటుంది. గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం తగ్గేకొద్దీ చెయ్యి వణికిన ప్రతి వెంట్రుకవాసీ దూరాన బెత్తెడు అవుతుంది. చిన్న తుపాకి చేయి తిరిగినవాడి పనిముట్టు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు బరువున్నదే దయగలది.

మన దేశంలో ఈ అపోహకు ఒక సర్కారీ చరిత్ర కూడా ఉంది. 2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరం తర్వాత, 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' పేరుతో మహిళల కోసమంటూ .32 బోరు రివాల్వర్ తెచ్చింది. బరువు 500 గ్రాములు, ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. రాత్రి షిఫ్టు దిగి ఆటో కోసం నిలబడే ఆడపిల్ల జీతమెంత, ఆ పెట్టె ధరెంత అని అప్పుడే చాలామంది అడిగారు.

రివాల్వరా, పిస్తోలా అని అడిగితే, కొత్తవాళ్లకు రివాల్వర్ అర్థం కావడం తేలిక. తూటాలు ఎన్నున్నాయో తెరిస్తే కళ్లకు కనిపిస్తాయి. పిస్తోలులో మ్యాగజీన్ తీసేశాక కూడా గొట్టంలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. "ఖాళీగానే ఉంది" అనుకొని నొక్కిన చేతులు ఎన్నో. .32 రివాల్వర్ తూటా, .32 పిస్తోలు తూటా ఒకటి కావు. పేరు కలిసిందని ఒకదానిలో ఇంకొకటి పెట్టకూడదు. 9 ఎంఎం, .38 బోర్లు అంటూ సినిమా భాష మాట్లాడేవాళ్లకు ఒక మాట: సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం తూటా పట్టే పిస్తోలు మామూలు పౌరుడికి నిషిద్ధ శ్రేణి. అది దొరికితే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా జైలు.

చేతిసంచి గురించి ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. 2014 డిసెంబరు చివర అమెరికాలో ఐడహో రాష్ట్రం హేడెన్ అనే ఊళ్లో ఒక తల్లి సూపర్‌మార్కెట్లో సరుకులు చూస్తోంది. తుపాకి పెట్టుకోవడానికి ప్రత్యేకంగా జేబు కుట్టిన చేతిసంచి ఆమెది, క్రిస్మస్ కానుకగా వచ్చింది. బండిలో కూర్చున్న రెండేళ్ల కొడుకు సంచి జిప్పు తీశాడు. తల్లి అక్కడికక్కడే పోయింది. ఆమె తుపాకి తెలియని మనిషి కాదు, లైసెన్సు ఉన్న మనిషి.

అపోహ: ఇంట్లో తుపాకి ఉంటే ఇంటామెకు ధైర్యం.

ఈ మాటే మా మిత్రుడు పదేపదే అన్నాడు. కాలిఫోర్నియాలో 2004 నుంచి 2016 దాకా కోటి మందికి పైగా జనాన్ని గమనించి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమకు తుపాకి లేకుండా, చేతి తుపాకి ఉన్నవాళ్లతో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లను, తుపాకి లేని ఇళ్లలో ఉంటున్నవాళ్లను పోల్చారు. మొదటివాళ్లు హత్యకు గురయ్యే అవకాశం రెండింతలకు మించి ఉంది. ఇంట్లోనే, జీవిత భాగస్వామి చేతిలోనే తుపాకి గుండుకు బలయ్యే ప్రమాదం ఏడు రెట్లు. అలా పోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

అది అమెరికా, మనది వేరు అనవచ్చు. వేరే. కానీ కోపం, సారా, అప్పు, అనుమానం అనే నాలుగూ ఏ దేశంలోనూ లైసెన్సు అడగవు. పురుగుమందు డబ్బా అటక మీద ఉన్న ఇంట్లో ఏం జరుగుతుందో చూసిన ప్రాంతం మనది. తుపాకి డబ్బా కంటే వేగం. తాళం వేసిన పెట్టెలో తుపాకి, వేరే తాళంలో తూటాలు అంటే రాత్రి దొంగ వచ్చినప్పుడు తీసేసరికి తెల్లారుతుందని మిత్రుడు వాదించాడు. నిజమే. అందుబాటులో పెట్టుకుంటే ముందు అందేది పిల్లలకే. ఈ చిక్కుకు ఏ కంపెనీ తుపాకిలోనూ విరుగుడు లేదు. మిరియాల స్ప్రేకు లైసెన్సు అక్కర్లేదు, ఆమె స్వయంగా కొనుక్కోవచ్చు అన్నాను. నవ్వాడు.

అపోహ: దొంగ కనిపిస్తే కాల్చవచ్చు, చట్టం మనవైపే.

ఆత్మరక్షణ హక్కు ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా, 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. ముప్పును తప్పించుకోవడానికి అవసరమైనదానికి మించి హాని చేయకూడదన్నది వాటి వెన్నెముక. పారిపోతున్నవాడి వీపులో దిగిన గుండుకు కోర్టులో జవాబు చెప్పడం కష్టం.

అపోహ: అమెరికాలో అయితే ఈ తంటాలేవీ లేవు.

మిత్రుడి తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, అర్హత ఉండి 21 ఏళ్లు నిండినవాళ్లు పర్మిట్ లేకుండానే చేతి తుపాకి పెట్టుకొని తిరగవచ్చు. ఆ అర్హత దగ్గరే మనవాళ్లు జారిపడతారు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. మొగుడికి గ్రీన్‌కార్డు వచ్చి, పెళ్లాం ఇంకా తాత్కాలిక వీసా మీద ఉంటే, అతని తుపాకి ఆమె చేతికి అందేలా పెట్టినా చిక్కే. అక్కడ కూడా తుపాకి మనిషిదే, ఇంటిది కాదు. షూటింగ్ రేంజికి పోయొచ్చిన సంచి సర్దుకొని ఇండియాకు విమానం ఎక్కే ముందు అడుగు దాకా దులుపుకోవాలి. మరిచిపోయిన ఒక్క తూటా మన విమానాశ్రయంలో దొరికితే కేసు. అది అక్కడుందని తెలియదని నిరూపించుకొని బయటపడినవాళ్లు ఉన్నారు, అయితే అది హైకోర్టు దాకా తిరిగాక.

పల్లకీ లేచింది. బోయీల కేకలు వినిపిస్తుంటే మిత్రుడు ఇంకొక్కటి అడిగాడు. ఎలక్షన్లప్పుడు స్టేషన్లో పెట్టాలంట గదా, అదన్నా అబద్ధమేనా?

అబద్ధం కాదు. కోడ్ రాగానే జిల్లాలో పరిశీలన కమిటీ కూర్చుంటుంది. ఎవరి ఆయుధాలు అప్పగించాలో తేల్చి నోటీసులు ఇస్తారు. బ్యాంకు కాపలాదారుల వంటివాళ్లకు మినహాయింపు ఉంటుంది. నోటీసు అందినవాళ్లు తుపాకి ఇచ్చి రసీదు తెచ్చుకొని, ఫలితాలు వచ్చి కోడ్ ఎత్తేశాక మళ్లీ తెచ్చుకోవాలి. గొడవల చరిత్ర ఉన్న ఊళ్లలో నోటీసు ముందే వస్తుంది.

అతను కాసేపు లెక్క వేసుకున్నాడు. "అంటే, నాకు నిజంగా బయమేసే రెండు నెలలూ అది స్టేషన్‌లో ఉంటాది. మేమిద్దరం ఇంట్లో ఉంటాం. అంతేనా అన్నా?"