ట్రాక్టరుకు ఇనుప చట్రం

ట్రాక్టరు గట్టు ఎక్కేటప్పుడు ఒక్కోసారి తిరగబడుతుంది. తోలే మనిషి కింద నలిగిపోతాడు. అందుకే కొన్ని ట్రాక్టర్లకు సీటు వెనక ఇనుప చట్రం బిగిస్తారు. స్వీడన్ అనే దేశంలో 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఇది ఉండాల్సిందేనని రూలు పెట్టారు.

చట్రం ఆగుతుందో లేదో ఎలా తెలుస్తుంది? మనిషిని కూర్చోబెట్టి పడదోసి చూడలేం గదా! ఒక పద్ధతి ఉంది. 20 క్వింటాళ్ల బరువును గొలుసులతో వేలాడదీస్తారు. ఉయ్యాలలాగా వెనక్కి లాగి వదులుతారు. అది వచ్చి చట్రాన్ని గుద్దుతుంది.

చట్రం అసలు వంగకూడదని అనుకుంటాం. కాదు. కొంచెం వంగితేనే దెబ్బ ఊపు తగ్గుతుంది. మట్టికుండ కింద పడితే పగులుతుంది. సత్తుగిన్నె సొట్టపడి ఊరుకుంటుంది. ఇదీ అంతే. అయితే వంగిన ఇనుము తోలే మనిషికి తగలకూడదు.

ఇప్పుడు ముందుగా కంప్యూటరులోనే గుద్దించి చూస్తారు. చట్రం బొమ్మను వేల చిన్న ముక్కలు చేస్తారు. ఏ ముక్క ఎంత వంగుతుందో కంప్యూటరు లెక్క కడుతుంది. బొమ్మ విరిగితే ఇనుము ఖర్చు లేదు. కొలతలు మార్చి మళ్లీ చూస్తారు. ఆ తర్వాతే అసలు చట్రానికి పరీక్ష.

సీటు బెల్టు పెట్టుకోకపోతే మనిషి ఎగిరి బయట పడతాడు. అప్పుడు చట్రం ఉన్నా లాభం లేదు. మనం మడ్‌గార్డు మీద కూర్చుని పనికి పోతుంటాం. ఈ పరీక్షల్లో చూసేది మాత్రం తోలేవారి చోటు ఒక్కటే.