పాలపిట్ట ఒకటా? రెండా?

దసరా రోజు మన ఎల్‌బీ నగర్‌లో జమ్మి చెట్టు దగ్గరకు బయలుదేరిన ప్రతివాళ్ళూ ఒకసారి ఆకాశం వైపు చూస్తారు. పాలపిట్ట కనబడితే ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం. వనస్థలిపురంలోని హరిణ వనస్థలి వైపు వెళితే దొరక్కపోదని కొందరి ఆశ. 2014లో దీన్ని తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. ఒడిశా, కర్ణాటకలకు కూడా ఇదే రాష్ట్ర పక్షి. మరి అస్సాంలో కనబడే పాలపిట్ట కూడా ఇదేనా? హాస్టల్‌లో బైపీసీ, జువాలజీ చదివేవాళ్ళం ఈ ప్రశ్న పట్టుకుంటే అది మమ్మల్ని సముద్రం దాటించి దీవుల దాకా తీసుకుపోయింది.

పాత పుస్తకాల ప్రకారం పాలపిట్ట ఒకే జాతి, దానిలో మూడు ఉపజాతులు. దక్షిణ భారతానిది ఇండికస్, ఉత్తరాదిది బెంగాలెన్సిస్, ఈశాన్య రాష్ట్రాల నుండి థాయిలాండ్ దాకా ఉండేది అఫినిస్. మన పిట్టకు ఛాతీ మీద లేత గీతలుంటాయి. అఫినిస్‌కు గీతలుండవు, ముఖమూ ఛాతీ ముదురు ఊదా రంగు. రంగు తేడాయే కదా అని చాలాకాలం ఒకే గూట్లో పెట్టారు. 2018లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన లెక్క తారుమారు చేసింది. అఫినిస్‌కు అతి దగ్గరి బంధువు మన పాలపిట్ట కాదట! ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఉండే మరో పాలపిట్టట. అంటే అఫినిస్‌కు సొంత తమ్ముడు సులవేసిలో ఉన్నాడు, మనది పెదనాన్న కొడుకు వరస. తమ్ముణ్ణి వేరే ఇంటివాడని చెప్పి, అన్నను మాత్రం పెదనాన్న కొడుకుతో ఒకే ఇంట్లో రాస్తే కుదరదు. అందుకే ఇప్పటి జాబితాలలో అఫినిస్‌ను ఇండోచైనా పాలపిట్ట అని వేరే జాతిగా చూపుతున్నారు.

ఇక్కడే చిక్కు ఉంది. నేపాల్, అస్సాం ప్రాంతాలలో ఈ రెండూ ఎదురుపడిన చోట జతకట్టి కలగలుపు పిల్లల్ని కంటున్నాయి. న్యూగినీ, సోలమన్ దీవుల పక్షుల మీద పనిచేసిన ఎర్నెస్ట్ మేయర్ 1942లో చెప్పిన నిర్వచనమే మన పాఠ్యపుస్తకాలలో ఉంది. ప్రకృతిలో తమలో తాము జతకడుతూ, ఇతర గుంపులతో కలవకుండా ఉండేవి ఒక జాతి. దాని ప్రకారం చూస్తే ఒకటి అనాలి, వంశవృక్షం ప్రకారం చూస్తే రెండు అనాలి. కలగలుపు ఆ సరిహద్దు ప్రాంతానికే పరిమితమైతే రెండని చెప్పడమే సబబని మాకు అనిపిస్తుంది. కాదనేవారి మాటలోనూ బలం ఉంది.

మేయర్ పరీక్ష చక్కగా పనిచేసే చోటు అండమాన్. శ్రీకాకుళం, విశాఖ వైపు నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఎందరో ఉన్నారు. విశాఖ నుండి ఓడ కూడా ఉంది. అక్కడి అడవిలో రెండు రకాల ఏట్రింతలు (మన వైపు పసులపోలిగాడు అంటారు) ఉంటాయి. ఒకటి, తోక చివర రెండు తీగలు వేలాడేది. ఇది మన నల్లమలలోనూ ఉన్న జాతే, అక్కడిది ఉపజాతి. రెండోది, తీగలు లేని అండమాన్ ఏట్రింత. ఇది ఇంకెక్కడా లేదు. రెండూ ఒకే అడవిలో తిరుగుతాయి, అయినా ఎవరి జత వారిదే. వాదన లేకుండా రెండు జాతులు.

ఒకే చోట లేనివాటితోనే గొడవ. మన తూర్పు కనుమల అడవుల్లో షామా అనే పాటగత్తె పిట్ట ఉంది, పొద నలంచి అని కూడా పేరు. దాని పొట్ట ఇటుక రంగు. అండమాన్ షామాకు పొట్ట తెలుపు. ఇవి ఎదురుపడితే జతకడతాయా? మధ్యలో బంగాళాఖాతం ఉంది, ఎదురుపడేదెప్పుడు? చాలాకాలం దీన్ని ఉపజాతి అన్నారు, ఇప్పుడు వేరే జాతి అంటున్నారు. దీవుల పక్షులన్నిటిదీ ఇదే కథ. ప్రతి దీవిలోనూ కొంచెం తేడా ఉంటుంది. ఎంత తేడా ఉంటే జాతి అనాలి?

ఉపజాతికి పాతకాలంలో 75 శాతం నియమం వాడేవారు. ఒక గుంపులోని పక్షులలో కనీసం 75 శాతాన్ని పక్క గుంపు నుండి గుర్తుపట్టగలిగితే ఉపజాతి అని దాని సారాంశం. జాతికి 2010లో జోసెఫ్ టోబయాస్, ఆయన సహచరులు మన పరీక్షల మాదిరి మార్కుల పద్ధతి తెచ్చారు. రంగు, కొలతలు, కూత, ప్రవర్తన ఒక్కొక్కటీ చూసి చిన్న తేడాకు 1, మధ్యరకానికి 2, పెద్దదానికి 3, అసాధారణమైనదానికి 4 వేస్తారు. మొత్తం 7 వస్తే జాతిగా పాస్. 6 వచ్చినవాడి బాధ మనకు తెలియనిది కాదు! ఈ పద్ధతి డీఎన్ఏను లెక్కలోకి తీసుకోదని కొందరి విమర్శ. కూతకు మార్కులుండటం మాత్రం మాకు నచ్చింది. పక్షి తన జతను గుర్తుపట్టడంలో పాట ముఖ్యం కదా.

ఇది చదివి ఎవరైనా మనుషులకూ ఉపజాతులుంటాయా అని అడగవచ్చు. లేవు. ఈనాటి మనుషులందరూ ఒకే జాతి, దానిలో ఉపజాతుల గీతలు గీయడానికి జన్యుశాస్త్రంలో ఆధారం లేదు. కులాలు వేర్వేరు రక్తాలకు గుర్తు అనే వాదాన్ని డాక్టర్ అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో ఖండించారు. పక్షుల లెక్కను తెచ్చి మనుషులకు అంటగట్టేవారికి మనం ఈ సమాధానం సిద్ధంగా పెట్టుకోవాలి.

డీఎన్ఏ పని అంటే ఎక్కడో విదేశాలలో జరిగేది అనుకోనక్కర లేదు. మనం నాగోలు, ఉప్పల్ మీదుగా వెళితే హబ్సిగూడలో సీసీఎంబీ వస్తుంది. దాని వన్యప్రాణి ప్రయోగశాల 'లాకోన్స్' అత్తాపూర్‌లో ఉంది. పట్టుబడ్డ మాంసం ముక్క ఏ జంతువుదో డీఎన్ఏతో తేల్చే పద్ధతి సీసీఎంబీలోనే రూపొందింది. జేఆర్ఎఫ్ వచ్చినవారికి ఇటువంటి చోట్ల ఫెలోషిప్‌తో పరిశోధన చేసే వీలుంటుంది.

ఇంత తర్జనభర్జన దేనికంటే, జాబితాలో పేరుండటం ముఖ్యం. ఇది హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో పక్షుల ప్రమాద స్థాయిని జాతి మొత్తానికి కట్టి చూస్తారు. 2025లో ప్రపంచమంతటికీ ఒకే జాబితాగా వచ్చిన 'ఏవీలిస్ట్'లో 11,000 పైచిలుకు జాతులున్నాయి. ఒక దీవి పక్షి ఉపజాతిగా ఉండిపోతే దాని నష్టం పెద్ద లెక్కలో కలిసిపోతుంది.

నికోబార్ మెగాపోడ్‌ను చూడండి. కోడి లాంటి ఈ పక్షి గుడ్లను పొదగదు. ఒడ్డు దగ్గరి అడవిలో ఇసుక, ఆకులు గుట్టగా పోసి వాటిలో పాతిపెడుతుంది, కుళ్ళిన ఆకుల వేడికి పిల్లలు వస్తాయి. 2004 డిసెంబరు 26 సునామీ ఆ గుట్టలను పెద్ద ఎత్తున తుడిచిపెట్టింది. దీనికి రెండు ఉపజాతులు. ఉత్తర దీవులది నికోబారియెన్సిస్, గ్రేట్ నికోబార్, లిటిల్ నికోబార్‌లది అబ్బోటి. గ్రేట్ నికోబార్‌లోని గలతియా బే అభయారణ్యాన్ని ఓడరేవు కోసం 2021 జనవరిలో రద్దు చేశారు. రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్‌ల ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. ఆ దీవిలో గుట్టలు పోసేది అబ్బోటి. జాబితాలలో మాత్రం రెండిటికీ కలిపి ఒకే జాతి, ఒకే లెక్క.