‘మైదాన్’లో మాస్టారు ఏరీ?

జీవితచరిత్రను చిత్రంగా మలిచేవారికి ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. జీవితం నిదానంగా నడుస్తుంది; చిత్రానికి ఉన్న వ్యవధి రెండు మూడు గంటలు. దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అన్న నిర్ణయంలోనే దర్శకుని దృక్పథం బయటపడుతుంది. 2024 ఏప్రిల్‌లో విడుదలైన హిందీ చిత్రం ‘మైదాన్’ను ఈ కోణం నుంచి పరిశీలించవలసిన బాధ్యత తెలుగువారికి ఉంది. దాని కథానాయకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువాడు. పైగా వృత్తిరీత్యా బడిపంతులు.

మా తిరువూరులో తొమ్మిదో తరగతి పిల్లల్ని రహీం ఎవరని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. తప్పు వాళ్ళది కాదు. చెప్పవలసిన మాకే నిన్నమొన్నటిదాకా తెలియదు. కనుక ముందు చరిత్ర.

రహీం 1909లో పుట్టారు. హైదరాబాదు పాఠశాలల్లో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్పారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో మళ్ళీ స్వర్ణం తెచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత స్వర్ణం రాలేదు.

అమిత్ శర్మ దర్శకత్వం వహించిన చిత్రం 1952 హెల్సింకీ పరాజయంతో మొదలవుతుంది. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన ఆ జట్టులో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. నింద రహీం మీద పడుతుంది. నింద మోస్తాను గాని జట్టును నేనే ఎంచుకుంటానంటాడు ఆయన. ఫెడరేషన్ సమావేశపు గదిలో పుట్టిన ఈ తగవే చిత్రానికి వెన్నెముక. కలకత్తాకు చెందిన ఒక అధికారి, ఒక పత్రికా విలేఖరి ఆయన మీద కక్షగడతారు. 1960 రోమ్ ఒలింపిక్స్ తర్వాత పదవి పోతుంది, జబ్బు బయటపడుతుంది, చివరికి జకార్తా విజయం. అజయ్ దేవగణ్ నటనలో సంయమనం ఉంది. ఆటను చిత్రించిన తీరులో శ్రద్ధ ఉంది. ఈ రెండింటినీ మెచ్చుకోక తప్పదు.

అయితే, రహీం చుట్టూ అల్లిన ఈ వివాదానికి మూలం ఏమిటని చిత్రం అడగదు. ఇద్దరు చెడ్డవాళ్ళను చూపించి ఊరుకుంటుంది. క్లబ్బుల పలుకుబడి ఎక్కడుంటే జట్టు ఎంపికలో మాట అక్కడ చెల్లడం ఒక వ్యవస్థకు సంబంధించిన సంగతి. దాన్ని ఇద్దరు మనుషుల కుళ్ళుబుద్ధిగా కుదిస్తే ప్రేక్షకుడికి కోపం వస్తుంది గాని విషయం తెలియదు.

ఇక్కడ ఒక ఆంగ్ల చిత్రాన్ని గుర్తు చేసుకోవచ్చు. బ్రయన్ క్లఫ్ 1974లో లీడ్స్ యునైటెడ్ జట్టుకు మేనేజరై 44 రోజుల్లో ఉద్వాసనకు గురైన ఉదంతాన్ని ‘ది డ్యామ్డ్ యునైటెడ్’గా 2009లో తీశారు. అందులో పాత్రలకు అసలు పేర్లే ఉన్నాయి. ఆ చిత్రానికి ఆధారమైన డేవిడ్ పీస్ నవలపై క్లఫ్ కుటుంబం అభ్యంతరం చెప్పింది. తప్పు చిత్రించారని అనడానికైనా అక్కడ మనుషులున్నారు. ‘మైదాన్’లో ప్రతినాయకులు కల్పిత పాత్రలు. పేరు కల్పితమైనప్పుడు నింద వ్యక్తి మీద నిలవదు, ఊరి మీదికి పోతుంది. కలకత్తా యావత్తూ రహీంకు శత్రువన్న భావం మిగులుతుంది. కాని జకార్తా జట్టు నాయకుడు చునీ గోస్వామి, ఫైనల్లో తొలి గోలు కొట్టిన పి.కె. బెనర్జీ ఆడింది కలకత్తా మైదానాల్లోనే. సికింద్రాబాదు శివారు అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాంకు పేరు తెచ్చింది కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టే. ఈ చిత్రం పని 2019లో మొదలైంది, విడుదలయ్యేనాటికి పి.కె., చునీ, రహీం కుమారుడు హకీం, బలరాం నలుగురూ కాలం చేశారు. ఇలా జరిగింది, ఇలా జరగలేదు అని చెప్పగల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

రెండో లోపం మాస్టారికి సంబంధించినది. రహీం గొప్పతనం ఒక్క ఫైనల్లో పుట్టలేదు. కుర్రవాళ్ళకు ఆయన బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించవలసిన పోటీలు పెట్టేవారు. ఇది పంతులు బుర్రకు తట్టే ఉపాయం. రాని పాఠాన్నే మళ్ళీ మళ్ళీ చదివించడం, ఒక్కడి తెలివిని పదిమంది పనిగా మార్చడం ఇందులో ఉన్నాయి. జకార్తాలో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించడం, అతడే దక్షిణ కొరియాపై రెండో గోలు కొట్టడం, 2-1తో గెలవడం అదృష్టం కాదు. ఎవరిచేత ఏ పని చేయించవచ్చునో ఏళ్ళ తరబడి చూసిన కంటికే అది సాధ్యం. చిత్రంలో ఈ బోధనకు దక్కిన చోటుకన్నా కుట్రలకూ కన్నీళ్ళకూ దక్కిన చోటు ఎక్కువ.

ఆనాటి స్టేడియం భారత జట్టును గేలి చేసింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు నిరాకరించడాన్ని మన ప్రతినిధి జి.డి. సోంధీ ఆక్షేపించడం దానికి కారణం. పాలకుల తగవు మైదానంలో ఉన్న పదకొండుమంది మీద పడింది. అసలైన నాటకీయత ఇలాంటి చోట ఉంటుంది. దాన్ని కల్పించనక్కరలేదు.

ఇన్ని లోపాలున్నా ఈ చిత్రాన్ని పిల్లలకు చూపించాలనే నా అభిప్రాయం. చూపించాక పై సంగతులు కూడా చెప్పాలి. పరీక్షలు దగ్గరపడగానే డ్రిల్లు పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు మళ్ళించడం మా బడుల్లో మామూలే. తెలుగు పాఠం పూర్తి కాలేదని నేనూ ఎన్నోసార్లు తీసుకున్నాను. చిత్రం చూసిన మర్నాడు ఒక కుర్రవాడు, “మాస్టారూ, రహీంగారు కూడా మీలాగే పాఠాలు చెప్పేవారటగా, మరి ఆడించే టైము ఆయనకెక్కడిదండీ?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈ ఏడాది ఆ పీరియడ్ జోలికి పోలేదు.